గుత్తిలో రాసిన ఉత్తరం: పాత గణిత పత్రిక చరిత్రను ఎలా వెతికి పట్టుకోవాలి

మా నాన్న గుత్తి లోకో షెడ్డులో ఫిట్టరు. కోట నీడలో పెరిగిన పిల్లని నేను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను. మా ఊళ్లో డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తున్న వి. రామస్వామి అయ్యర్ అనే ఆయన 1906 డిసెంబరు 25న కొందరు స్నేహితులకు ఒక ఉత్తరం రాశారనీ, ఇండియన్ మేథమేటికల్ సొసైటీ ఆ ఉత్తరంలోంచే పుట్టిందనీ నాకు ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లకు గానీ తెలియలేదు. బళ్లో ఎవరూ చెప్పలేదు. రామానుజన్ పేరు అందరం విన్నాం. ఆయన రాసిన తొలి పంక్తులు అచ్చయిన పత్రికకు, మా ఊరి కచేరీకి సంబంధం ఉందని ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి ఆ పత్రిక వెంట పడ్డాను.

ఇప్పుడు ఎం.ఎస్సీ. పిల్లలు ప్రాజెక్టు కోసం వచ్చి, "మేడమ్, ఏదైనా గణిత పత్రిక చరిత్ర రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ అంతా జర్నల్ ఆఫ్ ది ఇండియన్ మేథమేటికల్ సొసైటీదే. నేను చేత్తో తిప్పి చూసిన పత్రిక అది. మీరు వేరే పత్రిక తీసుకున్నా పద్ధతి ఇదే.

అందరూ అధ్యక్షుల జాబితాతో మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా ఫలానావారు అని రాసుకుంటూ పోతే పది పేజీలు నిండుతాయి, పత్రిక గురించి మాత్రం ఒక్క ముక్కా తెలియదు. ముందు పేరు పట్టుకోండి. పాత పత్రికలు పేర్లు మారుస్తాయి. ఈ సంఘం 1907 ఏప్రిల్ 4న పుట్టినప్పుడు పేరు అనలిటిక్ క్లబ్, సభ్యులు ఇరవై మంది. తర్వాత ఇండియన్ మేథమేటికల్ క్లబ్ అయింది, 1910లో సొసైటీ అయింది. అందుకే 1909లో మొదలైన పత్రిక తొలి సంపుటాలను కొన్ని లైబ్రరీలు క్లబ్ పేరు కింద కేటలాగులో పెట్టాయి. సొసైటీ అనే మాటతో మాత్రమే వెతికితే మొదటి రెండేళ్లూ మీకు దొరకవు. లేవనుకుని వదిలేస్తారు. పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, లైబ్రరీలోనైనా డిజిటల్ లైబ్రరీలోనైనా ఒక్కొక్కటిగా వెతకండి.

ఇక్కడే ఇంకో పొరపాటు కూడా దొర్లుతుంది. సంఘం 1907ది, పత్రిక 1909ది. ఈ రెండూ కలిపేసి "1907లో ప్రారంభమైన పత్రిక" అని రాసేవాళ్లు చాలామంది. సంఘానికి మొదట కావలసింది సొంత పత్రిక కాదు, చదువుకోవడానికి పుస్తకాలు. విదేశాల పత్రికలూ గ్రంథాలూ తెప్పించుకుని, పోస్టులో ఒకరి నుంచి ఒకరికి పంపుకుని చదువుకోవాలన్నది ఆ తొలి ఆలోచన. చిన్న ఊళ్లలో ఉద్యోగాలు చేస్తున్న మనుషులకు యూరప్‌లో అచ్చయిన పత్రిక కంటపడే దారి వేరే ఏముంది? ఆ దాహం అర్థం కాకపోతే తర్వాత వచ్చిన పత్రిక కూడా మీకు అర్థం కాదు. అందుకే పత్రికకు ముందున్న రెండేళ్లనూ మీ రాతలో వదలకండి.

రెండో పని, ఊళ్ల పటం గీయండి. నిజంగానే గీయండి, తెల్లకాగితం మీద పెన్సిల్‌తో. ఉత్తరం రాసింది గుత్తిలో. ప్రధాన కార్యాలయం, లైబ్రరీ పూనాలో, ఫెర్గుసన్ కాలేజీలో. ఆ కాలేజీకి అప్పుడు ప్రిన్సిపాలు, 1899లో కేంబ్రిడ్జిలో సీనియర్ రాంగ్లర్, అంటే అక్కడి గణిత పరీక్షలో అగ్రస్థానం పొందిన ఆర్. పి. పరాంజపే. సంపాదకుడు ఎం. టి. నారాయణయ్యంగార్ ఉన్నది బెంగళూరులో. తొలి అధ్యక్షుడు బి. హనుమంతరావు మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో గణితాచార్యుడు. అచ్చు పని మద్రాసులో. ఇన్ని చోట్ల చెదిరి ఉన్న మనుషులను కలిపి ఉంచింది రైలూ తపాలా. నాన్న షెడ్డులో ఇంజన్లు బాగుచేసిన లైను మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే లైనే. ఆ దారిలోనే ఒకప్పుడు ఈ ఉత్తరాలు వెళ్లి ఉంటాయన్న ఊహ నన్ను ఇప్పటికీ వదలదు. ఊహను ఊహగానే చెప్పుకోవాలి, ప్రాజెక్టులో రాయకూడదు.

పటం గీశాక ఒక ప్రశ్న దానంతటదే వస్తుంది. రచన పంపినవాడు ఒక ఊళ్లో, సంపాదకుడు మరో ఊళ్లో, అచ్చు ఇంకో ఊళ్లో అయితే ఒక వ్యాసం ఎన్నిసార్లు అటూ ఇటూ తిరగాలి? రామానుజన్ మొదటి వ్యాసం, బెర్నూలీ సంఖ్యల ధర్మాల మీద రాసింది, 1911లో 3వ సంపుటిలో 219వ పేజీ నుంచి 234 దాకా అచ్చయింది. పదహారు పేజీలు. రాత క్లుప్తంగా, పద్ధతి కొత్తగా ఉండి మామూలు పాఠకుడికి అందదని సంపాదకుడికి అనిపించింది. రాతప్రతి ఇద్దరి మధ్యా పలుమార్లు తిరిగాకే అచ్చుకు వెళ్లింది. నారాయణయ్యంగార్ దాన్ని తిప్పి పంపి చేతులు దులుపుకోలేదు. ఆ ఓపిక లేకపోతే ఆ పదహారు పేజీలు ఉండేవి కావు. సంపాదకుల గురించి రాసేటప్పుడు పదవీకాలం కాదు, ఇలాంటి పని వెతకండి.

మూడోది సంపుటి సంఖ్యల పట్టిక. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటవేసి నేను ఒక రోజంతా పోగొట్టుకున్నాను. నార్వే గణితజ్ఞుడు ఆట్లే సెల్బర్గ్ రాసిన ఒక గొప్ప వ్యాసం ఈ పత్రికలోనే 20వ సంపుటిలో ఉందని ఎక్కడో చదివి, రాత్రి బస్సెక్కి దూరపు ఊళ్లో ఒక పెద్ద లైబ్రరీకి వెళ్లాను. చీటీ మీద "సంపుటి 20" అని రాసిచ్చాను. వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది 1930ల తొలినాళ్ల సంపుటి. సాయంత్రం దాకా పేజీ పేజీ తిప్పాను. సెల్బర్గ్ లేడు. ఎలా ఉంటాడు? 1934 నుంచి ఈ పత్రిక కొత్త శ్రేణిగా మళ్లీ 1 నుంచి లెక్క మొదలుపెట్టింది. కాబట్టి 20 అనే సంఖ్య గల సంపుటాలు రెండు. నాకు కావలసింది కొత్త శ్రేణిలో 1956 నాటిది. అందులో 47 నుంచి 87 దాకా సెల్బర్గ్ వ్యాసం. ఆయన పేరుతో ట్రేస్ ఫార్ములా అని ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునేది ఆ పేజీల్లోనే ఉంది. ఆ ఏడు బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జీటా ప్రమేయాల (ఫంక్షన్ల) మీద జరిగిన అంతర్జాతీయ సమావేశం నుంచి వచ్చిన వ్యాసం అది.

కాబట్టి నోటుబుక్కులో మొదటి పేజీలోనే నిలువు గీతలు గీసి శ్రేణి, సంపుటి, సంవత్సరం, మొదటి పేజీ, చివరి పేజీ అని గడులు పెట్టుకోండి. పేజీ సంఖ్యలు సంచిక సంచికకూ మళ్లీ 1 నుంచి మొదలవవు, సంపుటి మొత్తం వరసగా నడుస్తాయి. అందుకే పేజీ సంఖ్యను బట్టే ఆ వ్యాసం ఏడాది మొదట్లో వచ్చిందా చివర్లో వచ్చిందా అని ఒక అంచనాకు రావచ్చు. బైండింగ్ చేసిన సంపుటాల విషయంలో ఇంకొక జాగ్రత్త. బైండింగ్ చేసేటప్పుడు చాలా చోట్ల అట్టలు, ప్రకటనల పేజీలు, చందా నోటీసులు తీసి పారేస్తారు. పత్రిక ఎవరికి వెళ్లేది, ఎంతకు అమ్మేవారు అన్న సంగతులు ఉండేది సరిగ్గా ఆ పేజీల్లోనే. విడి సంచికలు ఎక్కడైనా ఉన్నాయేమో లైబ్రేరియన్‌ను నోరు తెరిచి అడగండి. స్టోరు రూములో కట్టలు కట్టి పెట్టి ఉంటాయి చాలాసార్లు.

ఇక అసలు పనికి వద్దాం. నా దృష్టిలో ఈ పత్రిక ప్రాణం వెనక పేజీల్లో ఉంది, ప్రశ్నల శీర్షికలో. పాఠకులు లెక్క పంపుతారు. దానికి వరస సంఖ్య వేసి, పంపినవారి పేరుతో అచ్చు వేస్తారు. జవాబులు తర్వాతి సంచికల్లో, ఒక్కోసారి తర్వాతి సంపుటంలో వస్తాయి. ఇంగ్లండులో ఎడ్యుకేషనల్ టైమ్స్ అనే పత్రిక ఇలాంటి శీర్షికకు పేరుమోసింది. రామస్వామి అయ్యర్ కూడా దానికి లెక్కలు పంపేవారు. ఆ అలవాటే ఇక్కడికి వచ్చింది. వ్యాసం రాసే స్తోమత లేనివాళ్లు కూడా లెక్క పంపగలరు, జవాబు రాయగలరు. లెక్చరరు, రెవెన్యూ ఉద్యోగి, ఉద్యోగం లేని కుర్రాడు ఒకే పేజీలో కలుసుకున్నది అక్కడే.

ఒక ప్రశ్నను పట్టుకుని చివరిదాకా వెళ్లండి. నేను పిల్లలచేత 289వ ప్రశ్నతో మొదలుపెట్టిస్తాను. 1911లో 3వ సంపుటి 90వ పేజీలో రామానుజన్ అడిగింది ఇది: √(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …)))) విలువ ఎంత? జవాబు చూడడానికి తొందరపడొద్దు. ముందు కాగితం తీసుకుని చేయండి. లెక్క చేయకుండా గణిత పత్రిక చరిత్ర రాయడం, వంట రుచి చూడకుండా వడ్డించడం లాంటిది. దారి చాలా చిన్నది. 3 అంటే √9, అంటే √(1 + 2×4). ఆ 4 అంటే √16, అంటే √(1 + 3×5). ఆ 5 అంటే √(1 + 4×6). ఇలా లోపలికి పోతూనే ఉండొచ్చు. జవాబు 3. అదే ప్రశ్నలో రెండో భాగం √(6 + 2√(7 + 3√(8 + …))). దీనికి 4 నుంచి బయలుదేరండి: 16 అంటే 6 + 2×5, 25 అంటే 7 + 3×6. మిగతాది మీరే పూర్తిచేయండి.

చేశారా? ఇప్పుడు 4వ సంపుటి తీసి 226వ పేజీ చూడండి. జవాబు రాసిందీ రామానుజనే. ప్రశ్న ఒక సంపుటంలో, జవాబు తర్వాతి సంపుటంలో, రెండింటికీ పేరు ఒకటే. ఈ మధ్యలో పాఠకులెవరి నుంచీ సరైన జవాబు రాలేదన్నమాట. దీన్ని పెంచి "ప్రపంచంలో ఎవరూ చేయలేని లెక్క" అని రాస్తుంటారు. అలా రాయకండి. ప్రపంచం ఆ పత్రిక చదవలేదు. చదివినవాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమందికీ ఆ పద్ధతి కొత్త, అంతే. ఇంకొక ముడి కూడా ఉంది. ఇలా అనంతంగా లోపలికి పోయే వర్గమూలాలు అసలు ఒక విలువ దగ్గర నిలుస్తాయా అని అడగాలి కదా. దానికి కచ్చితమైన షరతును తర్వాత గణితజ్ఞుడు టి. విజయరాఘవన్ చెప్పారు. 1927లో కేంబ్రిడ్జి వాళ్లు రామానుజన్ రచనల సంకలనం వేసినప్పుడు ఈ ప్రశ్నలను కూడా చేర్చారు. పాత సంపుటాలు అందనివాళ్లు అక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చు. కానీ సంకలనంలో పక్క పేజీలు ఉండవు. ఆ ప్రశ్నకు పైనా కిందా ఎవరెవరు ఏమేం అడిగారో పత్రికలోనే కనిపిస్తుంది. రామానుజన్‌ను మిగతావాళ్ల మధ్య కూర్చోబెట్టి చూసే వీలు అక్కడ మాత్రమే ఉంది.

ఆయన ఈ శీర్షికకు పంపినవి మొత్తం 58 ప్రశ్నలు. అన్నీ చేయక్కర్లేదు. 1913లో 5వ సంపుటంలో వచ్చిన రెండింటిని మాత్రం వదలొద్దు. 464వ ప్రశ్న: 2 ఘాతాల్లోంచి 7 తీసేస్తే ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడు పూర్ణ వర్గాలు వస్తాయి, ఇంకేమైనా ఉన్నాయా? చేసి చూడండి: 1, 9, 25, 121, 32761. చివరిది 181 వర్గం. ఇంకేమీ లేవని నార్వే గణితజ్ఞుడు నాగెల్ 1948లో నిరూపించాడు. ఇప్పుడు దాన్ని రామానుజన్–నాగెల్ సమీకరణం అంటారు. పత్రిక వెనక పేజీలో రెండు లైన్ల ప్రశ్నకు ముప్పై అయిదేళ్ల తర్వాత జవాబు దొరికింది. ప్రశ్నలకూ విడిగా ఒక పట్టిక వేసుకోండి; అందులో "జవాబు ఎక్కడ" అనే గడి పత్రిక బయటికి కూడా పోవాలని ఇందుకే అంటాను. రెండోది 469. దాని గురించి చివర చెబుతాను.

ఆ 1913లోనే వచ్చిన 5వ సంపుటి 132వ పేజీ కూడా తెరవండి. వృత్తాన్ని చతురస్రం చేయడం మీద ఒక చిన్న నోటు. π విలువకు 355/113 తీసుకుని జ్యామితి నిర్మాణం ఇచ్చి, చివర్లో ఆయన ఒక మాట చెబుతాడు: వృత్త వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయినా, గీసిన పొడవు అసలు పొడవు కన్నా దాదాపు ఒక అంగుళమే ఎక్కువ. ఈ పోలిక చూసి మా క్లాసులో పిల్లలు నిశ్శబ్దమైపోతారు. రాసినాయన అంతకుముందు ఏడాదే మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్పై రూపాయల గుమాస్తాగా చేరినవాడు.

వ్యక్తుల సంగతి ఇలా వచ్చినప్పుడే రాయండి, విడిగా జీవిత చరిత్ర అతికించకండి. సంఘం సభ్యుల జాబితాలు దొరికితే పేరు పక్కన ఊరు, ఉద్యోగం చూడండి. రామానుజన్‌కు ఆ పోర్టు ఉద్యోగం దొరికే దారి మొత్తం ఈ సభ్యుల గొలుసే. 1910లో ఆయన తిరుక్కోయిలూరుకు వెళ్లి, అప్పుడు అక్కడున్న రామస్వామి అయ్యర్‌కు తన నోటుబుక్కు చూపించాడు. అడిగింది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. అయ్యర్ ఆ పుటలు చూసి, ఇంత ప్రతిభను అడుగు మెట్టు ఉద్యోగంలో నలిపేయడానికి తనకు మనసొప్పలేదని తర్వాత చెప్పుకున్నారు. పరిచయ పత్రాలిచ్చి మద్రాసు పంపారు. అక్కడి నుంచి నెల్లూరు. ఆ ఏడు డిసెంబరులో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావును కలిశాడు. ఆయనా ఈ సంఘంలోని మనిషే, తర్వాత అధ్యక్షుడు కూడా అయ్యారు. కొంతకాలం నెలనెలా పాతిక రూపాయలు పంపి ఆదుకున్నారు. గుత్తి, నెల్లూరు రెండూ మన ఊళ్లే. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లల మొహాల్లో వెలుగు చూడాలి. రామానుజన్ మనవాడని చెప్పుకోనవసరం లేదు, ఆయన కుంభకోణం వాడే. కానీ ఆయన తిరిగిన దారిలో మన ఊళ్లు ఉన్నాయి, అది నిజం, ఆ నిజాన్ని అంత మేరకే రాయాలి.

తర్వాతి కాలాన్ని త్వరగా దాటవచ్చు, ఒక్క మలుపు తప్ప. 1933లో సంఘం మేథమేటిక్స్ స్టూడెంట్ అనే రెండో పత్రిక మొదలుపెట్టింది, ఎ. నరసింగరావు సంపాదకత్వంలో. ప్రశ్నలు, బోధన, విద్యార్థులకు పనికొచ్చే వ్యాసాలు అటు వెళ్లాయి. పాత పత్రిక పరిశోధన పత్రికగా మిగిలింది. 1934లో కొత్త శ్రేణి లెక్క మొదలైంది ఇందుకే. పత్రిక ఎదిగిందనే చెప్పాలి, సెల్బర్గ్ వ్యాసం వచ్చేంత ఎదిగింది. నాకు మాత్రం ఆ విడిపోవడం చోట కొంచెం బాధ కలుగుతుంది. లెక్క అడిగే కుర్రాడూ, పరిశోధన రాసే ఆచార్యుడూ ఒకే అట్టల మధ్య ఉండడం అక్కడితో ఆగిపోయింది. మీకు వేరేగా అనిపిస్తే వేరేగా రాయండి, కానీ రెండు పత్రికలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే రాయండి.

రాయడానికి కూర్చున్నప్పుడు మూడు రంగుల పెన్నులు పెట్టుకోమంటాను. పేజీ కళ్లారా చూసి రాసుకున్నది నలుపులో, వేరేవాళ్ల పుస్తకంలో చదివింది నీలంలో, మీరు ఊహించింది ఎరుపులో. చిత్తుప్రతి పూర్తయ్యాక ఎరుపు గీతలన్నీ కొట్టేయండి. నీలంలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసుకుని నలుపు చేయగలరేమో ప్రయత్నించండి. రాత్రి బస్సులు ఎక్కవలసిందే. లైబ్రరీకి వెళ్లేటప్పుడు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, ఆధార్ కార్డు, పెన్సిళ్లు, మెత్తటి గుడ్డ తీసుకెళ్లండి. పాత కాగితం పెళుసుగా ఉంటుంది, జిరాక్స్ మెషీను మీద బోర్లిస్తే వెన్ను విరుగుతుంది. అనుమతి తీసుకుని ఫోనుతో ఫోటో తీయండి, ప్రతి ఫోటోలో పేజీ సంఖ్య కనబడేలా చూసుకోండి. సంపుటి ముఖపత్రం ఫోటో మొదట తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక ఏ పేజీ ఏ సంపుటానిదో తెలియక తల పట్టుకోవాలి.

ఇక 469. ఒకటి నుంచి ఒక సంఖ్య దాకా అన్నీ గుణించి, ఒకటి కలపండి. 4కు 25 వస్తుంది, 5 వర్గం. 5కు 121, 11 వర్గం. 7కు 5041, 71 వర్గం. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని రామానుజన్ అడిగాడు. ఆయనకన్నా ముందే ఫ్రాన్సు గణితజ్ఞుడు బ్రొకార్ అడిగాడు, ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. కంప్యూటర్లతో వంద కోట్లకు మించి చూశారు, నాలుగోది కనబడలేదు. లేదని నిరూపించినవాళ్లూ లేరు. నా నోటుబుక్కులో ప్రశ్నల పట్టిక పద్దెనిమిది పేజీలు. 469 ఎదురుగా "జవాబు ఎక్కడ" గడి ఖాళీగా ఉంది. ప్రాజెక్టుకు వచ్చిన ప్రతి బ్యాచికీ ఆ పేజీ తెరిచి చూపిస్తాను, పక్కనే చెక్కిన పెన్సిల్ ఒకటి పెడతాను.